క్వార్టర్స్ నుంచి కెరటం దాకా

ఖరగ్‌పూర్‌కు సముద్రం లేదు. అయినా ఇక్కడి రైల్వే కాలనీల్లోని తెలుగువాళ్లకు సముద్రం కొత్త కాదు. రైల్వే పనికని శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు బోలెడు. ఒకరోజు సెలవుకు దీఘా, రెండు మూడు రోజులుంటే పూరీ, ఊరెళ్తే విశాఖ. ఇంట్లో ఒకరు చక్రాల కుర్చీ వాడుతుంటే మాత్రం ఈ లెక్కంతా తారుమారవుతుంది. కుర్చీ ఎక్కడెక్కడ ఆగిపోతుందో గమనిస్తే, ప్రతిచోటా టేపుకో తూకానికో అందే కారణమే కనిపిస్తుంది.

మొదటి అడ్డు రైలు దగ్గరే. 1,072.5 మీటర్ల ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం చాలా ఏళ్లు ప్రపంచంలోకెల్లా పొడవైనది. తర్వాత గోరఖ్‌పూర్, హుబ్బళ్లి దాన్ని దాటాయి. కుర్చీకి కావలసింది పొడవు కాదు, ఎత్తు. మన దేశంలో ఎత్తు ప్లాట్‌ఫారాలు పట్టాల మీదినుంచి 76–84 సెంటీమీటర్లుంటాయి. మామూలు పెట్టె నేల సుమారు 130. మధ్యలో దాదాపు అర మీటరు తేడా. ర్యాంపుకు ఒప్పుకున్న వాలు 1:12, అంటే అర మీటరు ఎక్కడానికి ఆరు మీటర్ల పొడవు కావాలి. మనిషీ కుర్చీ కలిసి 90 కిలోలనుకుంటే, ఆ వాలు మీద తోసేవారిపై పడే భారం ఏడున్నర కిలోలు. చోటు చాలదని 1:4 వాలుతో పొట్టి బల్ల వేస్తే అది 22 కిలోలకు చేరుతుంది.

రెండో అడ్డు ఇసుక. గట్టిగా గాలి నింపిన సన్నటి టైరు నేలమీద ప్రతి చదరపు సెంటీమీటరుకు మూడు కిలోలకు పైగా నొక్కుతుంది. పొడి ఇసుక రేణువులకు పట్టు ఉండదు, పక్కకు జారిపోతాయి. ముందున్న బుల్లి చక్రాలు నాగలి కర్రులా దిగబడతాయి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు కుర్చీని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాలు ముందుండేలా లాక్కెళతారు. బీచ్ కుర్చీలకు బుడగల్లాంటి వెడల్పు టైర్లు పెట్టి, వాటిలో గాలి బాగా తగ్గిస్తారు. నొక్కుడు పదో వంతుకు పడిపోయి, కుర్చీ ఇసుక మీద తేలినట్టు సాగుతుంది.

తడి ఇసుక తీరు వేరు. రేణువుల మధ్య చిక్కుకున్న కాస్తంత నీరు తలతన్యతతో వాటిని దగ్గరకు పట్టి ఉంచుతుంది, నేల గట్టిపడుతుంది. నీరు మరీ ఎక్కువైతే ఆ పట్టు సడలిపోతుంది. దీఘా తీరం సన్నని ఇసుకతో చదునుగా ఉంటుంది. ఆటు సమయంలో బయటపడే మేర మామూలు చక్రాలను కూడా చాలావరకు మోస్తుంది. అక్కడ అసలు అడ్డు గట్టు, దాని రాళ్లు, మెట్లు. పోటు వేళ నీళ్లు గట్టునే తాకుతాయి. కాబట్టి దీఘాకు కావలసింది గట్టు మీదినుంచి ఇసుక దాకా దిగే ర్యాంపు, దాని పక్కన ఆటుపోట్ల వేళల పట్టిక. పూరీలో ఇసుక ముతక, ఒడ్డు వాలు ఎక్కువ. అక్కడ ఇసుక మీద పరిచే బాట, వెడల్పు టైర్ల కుర్చీ లేనిదే పని జరగదు.

అలాంటి బాట చెన్నై మెరీనాలో వేశారు. 2022 నవంబరు 27న 263 మీటర్ల చెక్కదారి తెరిచారు. రెండు వారాలు తిరక్కుండానే మాండూస్ తుఫాను దాన్ని దెబ్బతీసింది. తూర్పు తీరంలో తుఫాను తప్పదు గనుక, నీటికి దగ్గరి భాగాన్ని చుట్టి లోపల పెట్టుకోగల చాపలా ఉంచడమే నయం.

బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు షరతుల్లో వికలాంగుల సదుపాయం ఒకటి. 2020లో పూరీ గోల్డెన్ బీచ్, విశాఖ ఋషికొండ ఆ గుర్తింపు పొందాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద సదుపాయాల ప్రమాణాలు ఉత్త సూచనలుగా మిగలకూడదని, తప్పనిసరి చేయాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే రైలు ఒకరిది, రోడ్డు మరొకరిది, గట్టు ఇంకొకరిది. ఎవరి ముక్క వాళ్లు సరిచూసుకుంటే అన్నీ పాసవుతాయి, కుర్చీ మాత్రం కదలదు. తనిఖీ అనేది కుర్చీలో ఉన్న మనిషితో కలిసి క్వార్టర్స్ గడప దగ్గర మొదలై నీళ్ల దగ్గర ముగియాలి. మధ్యలో ఎక్కడ కుర్చీని నలుగురు పట్టి ఎత్తాల్సొస్తే, అక్కడ పని మిగిలి ఉన్నట్టే రాసుకోవాలి.