నడుము నుండి పాదం దాకా దిగే నొప్పి

మన పెద్దలు 'ఇర్ఖున్నిసా' అని పిలిచే బాధనే డాక్టర్లు సయాటికా అంటున్నారు. ఆ పేరు వినడంతో ఇది స్త్రీల వ్యాధి అనే భ్రమ కొందరిలో ఏర్పడింది. అసలు అరబీ పదం 'నిసా' (స్త్రీలు) కాదు, 'నసా'. తొంటి నుండి మడమ దాకా దిగే నరానికి పూర్వులు వాడిన పేరది. ఈ బాధ పురుషులకూ వస్తుంది. హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) దీనినే అనుభవించారని పలువురు ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు పేర్కొన్నారు.

వెన్నుపూసల మధ్య మెత్తని దిండ్ల వంటి డిస్కులుంటాయి. డిస్కు పైపొర చిట్లి, లోపలి మెత్తని పదార్థం బయటికి ఉబికితే ప్రక్కనున్న నరం మొదలు ఒత్తిడికి గురవుతుంది. అందుకే లోపం నడుములో ఉన్నా నొప్పి పిరుదు, తొడ, పిక్కల మీదుగా పాదానికి ప్రాకుతుంది. దగ్గినా, తుమ్మినా అధికమవుతుంది. డిస్కుకూ ఈ నొప్పికీ గల సంబంధాన్ని 1934లో అమెరికా వైద్యులు మిక్స్టర్, బార్ స్పష్టపరిచారు.

'డిస్కు జారింది' అనగానే ఆపరేషన్ తప్పదని ఇంటిల్లిపాదీ బెంబేలెత్తుతారు. వాస్తవానికి అత్యధికులకు 6 నుండి 12 వారాలలో శస్త్రచికిత్స లేకుండానే ఉపశమనం కలుగుతుంది. ఉబికిన భాగాన్ని చాలాసార్లు శరీరమే క్రమంగా కరిగించుకుంటుంది. ఏ నొప్పీ లేనివారి ఎమ్మారైలో సైతం డిస్కు ఉబ్బు కనిపిస్తుంది. కనుక రిపోర్టు ఒక్కటే చూసి నిర్ణయానికి రాకూడదు. ఒకటి రెండు రోజులకు మించి మంచం పట్టడం మేలు చేయదు. ఓర్చుకోగలిగినంత మేరకు నడవాలి. నొప్పి మాత్రలను సొంతంగా వారాల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. ఇక నడుము త్రొక్కించుకోవడం, విరిపించుకోవడం శుద్ధ అవివేకం.

నమాజు విషయంలో కొందరు పళ్ళు బిగబట్టి రుకూ, సజ్దాలు చేసి బాధను పెంచుకుంటారు. వంగరాదని వైద్యుడు చెబితే కూర్చొని, తల సంజ్ఞతో నమాజు చేసే సౌలభ్యం షరీఅత్‌లో ఉంది. రుకూ కన్నా సజ్దాకు తల మరికాస్త వంచితే చాలు. దీనిని లోపంగా భావించనక్కరలేదు.

అయితే మూత్రం బిగుసుకుపోవడం లేదా అదుపు తప్పడం, మర్మావయవాల చుట్టూ స్పర్శ పోవడం, రెండు కాళ్ళూ బలహీనపడడం వంటివి కనిపిస్తే అది అత్యవసర పరిస్థితి. మన స్త్రీలు సిగ్గుతో ఇటువంటివి భర్తకు కూడా చెప్పరు. ఇంటివారే అడిగి తెలుసుకోవాలి. ఆలస్యమైతే ఆ నష్టం శాశ్వతంగా మిగిలిపోవచ్చు. అర్ధరాత్రయినా సరే, తెల్లవారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాలి.