మూసినను ఆగని నీరు: డ్రిప్పు వాల్వుల పరీక్ష

2003వ సంవత్సరములో ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ నీటిపారుదల పథకము ప్రారంభమైనది మొదలు, బిందు సేద్యము సన్నకారు రైతుల పొలములలో సైతము వ్యాపించినది. పట్టణములలో పచ్చిక బయళ్లకు నీరు చిమ్ముటకు వాడు సోలినాయిడు వాల్వులు, అనగా కరెంటుతో తెరచుకొను వాల్వులు, ఇప్పుడు బత్తాయి, మామిడి, దానిమ్మ తోటలకును వచ్చినవి. వీనివలన కలుగు సౌకర్యము గొప్పది. కాని సభ్యుల నుండి ఒక ఫిర్యాదు తరచుగా వినవచ్చుచున్నది: "వాల్వు కట్టివేసితిమి, నీరు మాత్రము ఆగుట లేదు."

ఇట్టి వాల్వు చెడిపోయినదని తలచి వెంటనే క్రొత్తది కొనువారు పెక్కురు. ఇది చాలమట్టుకు అనవసరమైన ఖర్చు. మూతపడని వాల్వులో కారణము తరచుగా ఒక యిసుక రేణువో, వదులైన యొక మరయో, చిరిగిన యొక రబ్బరు పొరయో అయియుండును. వరుస తప్పక వెదకినచో రైతు తానే దీనిని కనుగొని సరిచేసికొనగలడు.

నష్టమెంత?

నిమిషమునకు ఒక్క లీటరు కారినచో, ఎల్లప్పుడు తొట్టి నీరు నిలిచియుండు గొట్టములో దినమునకు 1,440 లీటర్లు, ముప్పది దినములకు 43,200 లీటర్లు పోవును. మోటారు దినమునకు ఏడు గంటలు మాత్రమే నడచుచోట సైతము 420 లీటర్లు వృథా యగును. చెట్టునకు దినమునకు 40 లీటర్లు పెట్టు తోటలో ఇది పది చెట్ల పాలు నీరు. ఇదిగాక, నీరు కారుచోట చెట్టు మొదలు ఎల్లప్పుడు తడిసియుండుటచే, బత్తాయి జాతి చెట్లకు మొదలు కుళ్లు, బంకకారు తెగులు సులభముగా సోకును. గొట్టముల ద్వారా పెట్టిన యూరియాయు వేళ్లకు దక్కక లోతునకు దిగిపోవును.

నీటికంటె విలువైనది మరియొకటి కూడ దీనివలన చెడుచున్నది. ఒకే బోరుపై పలువురు వంతుల వారీగా నీరు పెట్టుకొనుచోట, ఒకరి వాల్వు మూతపడనిచో చివరి తోటవాని గొట్టములో ఒత్తిడి తగ్గిపోవును. బత్తాయి తోటలున్న యొక గ్రామములో నేనిట్టిదానిని చూచితిని. ఇద్దరు దాయాదులు ఒక బోరును పంచుకొనియుండిరి. వేసవిలో క్రింది తోట వాడుచుండగా, పై తోటవాడు తన వంతు కాని వేళ దొంగచాటుగా వాల్వు త్రిప్పుచున్నాడని అనుమానము పుట్టినది. మాటలు ఆగిపోయినవి, తగవు పెద్దల యొద్దకు వచ్చినది. పై తోట వాల్వును అందరి యెదుట విప్పి చూడగా, రబ్బరు పొర క్రింద కందిగింజలో సగమంత గులకరాయి చిక్కుకొనియుండెను. కొలది దినముల క్రిందట పగిలిన గొట్టమును అతుకునప్పుడు లోనికి పోయిన రాయి యది. రాయి తీసి, కడిగి, బిగించిన పిమ్మట క్రింది తోటకు ఎప్పటివలె నీరు అందినది. మనుష్యుని అనుమానించుటకు ముందు వాల్వును పరీక్షించుట న్యాయము.

వాల్వు పనిచేయు తీరు

మన చెరువుల పాతకాలపు తూములను తలచుకొనుడు. తూము రంధ్రములోనికి పైనుండి బిరడా దింపి మూయుదురు. కూర్చున్న బిరడాను నొక్కి పట్టునది నీరుగంటి చేయి కాదు, చెరువులోని నీటి బరువే. క్రింద ఒక పుల్ల అడ్డుపడినచో నీరు కారుచునే యుండును. సోలినాయిడు వాల్వును ఇంచుమించు ఈ పద్ధతిననే నడచును.

వాల్వు మూత క్రింద గుండ్రని రబ్బరు పొర యుండును. దీనినే డయాఫ్రము అందురు. వచ్చు నీటిలో కొంత సన్నని రంధ్రము గుండ పొర పైనున్న గదిలోనికి చేరును. మూసియున్నప్పుడు పొరకు క్రిందనుండి నీటి ఒత్తిడి తగులు చోటు తక్కువ, పైనుండి తగులు చోటు ఎక్కువ. అందుచే పై నీటి ఒత్తిడియు, స్ప్రింగు బలమును కలిసి పొరను క్రిందికి నొక్కి దారిని మూయును. కాయిలునకు కరెంటు వచ్చినప్పుడు అందలి చిన్న యినుప కడ్డీ పైకి లేచి, గదిలోని నీరు పోవుటకు సన్నని దారి తెరచును. పై ఒత్తిడి తగ్గగానే పొర లేచి నీరు పారును. కరెంటు ఆగగానే కడ్డీ దిగి ఆ దారిని మూయును, గది మరల నిండును, పొర కూర్చుండును.

అనగా వాల్వును తెరచునది కరెంటు, మూయునది నీరు. ఈ యొక్క మాట గుర్తున్నచో తక్కిన పరీక్ష యంతయు సులభము. పై గది నిండుటకు ఏది అడ్డుపడుచున్నది, లేక నిండిన నీరు ఎచ్చట జారిపోవుచున్నది, లేక పొర క్రింద ఏమి చిక్కినది, అని వెదకుటయే పని.

లోపము కానివి రెండు

వాల్వు మూసిన పిమ్మట గొట్టములో మిగిలిన నీరు పల్లపు డ్రిప్పర్ల నుండి కొంతసేపు కారును. అది క్రమముగా తగ్గి ఆగిపోయినచో వాల్వు మంచిదే. గంటలు గడచినను తగ్గక ఒకే తీరున కారుచున్నప్పుడే దానిని తప్పుపట్టవలెను. అట్లే మోటారు వేసిన క్షణమున, పై గదులు నిండులోపల, మూసియున్న మళ్లలో సైతము కొంచెము నీరు కానవచ్చును. ఇదియు లోపము కాదు.

వరుసగా చేయవలసిన పరీక్షలు

1. మొదట కరెంటు సంగతి చూడుడు. కంట్రోలరును ఆపి, వాల్వునకు పోవు తీగెలలో ఒకదానిని విప్పుడు. నీరు కొద్దిసేపటిలో ఆగినచో వాల్వు నిర్దోషి. కంట్రోలరులో రెండవసారి ఆరంభ వేళ పెట్టబడినదో, తీగెలు ఒకదానితో నొకటి తగులుచున్నవో చూడుడు. ఆగనిచో లోపము వాల్వులోనే యున్నది. బ్యాటరీతో నడచు వాల్వుల తీరు వేరు. అవి ఒక క్షణపు కరెంటుతో తెరచుకొని, మరియొక క్షణపు ఎదురు కరెంటుతో మూసికొనును. బ్యాటరీ నీరసించినచో, లేక ఎఱుపు నలుపు తీగెలు తారుమారైనచో, తెరచినది తెరచినట్లే యుండును. తీగె విప్పినను ప్రయోజనము లేదు.

2. చేతి మరలు చూడుడు. వాల్వు మూతపై నీటిని చేతితో వదలుటకు చిన్న మర యొకటి యుండును. కొన్నింటిలో కాయిలునే కొంచెము త్రిప్పి తెరచు ఏర్పాటు కలదు. కూలీలో, పిల్లలో దీనిని త్రిప్పి వదలినచో పై గది నిండదు. చేతితో బిగించిన చాలును. పట్టకారు వాడినచో ప్లాస్టిక్ మర తెగును.

3. క్రొత్తగా బిగించిన వాల్వు మొదటి దినము నుండియు ఆగనిచో, దానిపై బాణపు గుర్తును చూడుడు. నీరు పారు దిక్కునకే అది చూపవలెను. తలక్రిందుగా బిగించిన వాల్వు సరిగా మూతపడదు.

4. ఒత్తిడి చూడుడు. బోరు నీరు తగ్గినప్పుడును, ముందెక్కడనో గొట్టము పగిలినప్పుడును, పొరను నొక్కుటకు చాలినంత ఒత్తిడి యుండదు. మూతపై ప్రవాహమును తగ్గించు పిడి యున్నచో, దానిని కొంచెము కొంచెముగా బిగించి చూడుడు. అట్లు చేయగా ఆగినచో వాల్వును విప్పుట యనవసరము.

5. ఇప్పటికిని ఆగనిచో విప్పవలెను. మోటారు స్టార్టరును ఆపి, పై గేటు వాల్వును కట్టి, గొట్టములోని ఒత్తిడి పోనిచ్చిన పిమ్మటనే మరలు తీయుడు. మొదట కాయిలును విప్పి కడ్డీని చూడుడు. అది వ్రేలితో నొక్కిన లోనికి పోయి, వదలిన పైకి రావలెను. తుప్పు, ఇసుక ఉన్నచో కడుగుడు. తరువాత మూత తీసి, ఏది ఏ వైపున ఉన్నదో గుర్తు పెట్టుకొని స్ప్రింగును, రబ్బరు పొరను తీయుడు. పొరను వెలుతురునకు ఎత్తి సాగదీసి చూచినచో సన్నని చీలికయు కనబడును. చీలినదానిని అతుకరాదు, మార్చవలెను. పొర కూర్చుండు అంచును వ్రేలితో తడిమి గరుకుదనము, గాటు ఉన్నదేమో తెలిసికొనుడు. అంచు పగిలినచో మాత్రము క్రొత్త వాల్వు తప్పదు.

సన్నని రంధ్రమును మంచి నీటితో కడిగి, నోటితో ఊదుడు. సూదితోను, మేకుతోను పొడువరాదు. రంధ్రము పెద్దదైనచో వాల్వు తీరు మారిపోవును. ఉప్పునీటి బోర్లలో తెల్లని సున్నపు పొర కట్టును. ప్లాస్టిక్ భాగములను కొంతసేపు నిమ్మరసములో నానబెట్టినచో అది కరుగును. రబ్బరునకు గ్రీజు, నూనె పూయరాదు. కొన్ని జాతుల రబ్బరు వానివలన ఉబ్బును. మరల బిగించునప్పుడు మరలను ఎదురెదురుగా కొంచెము కొంచెముగా బిగించుడు. ఒక ప్రక్కనే బిగించినచో పొర ముడుతపడి, మరల అదే బాధ వచ్చును.

చేతి వాల్వుల మాట

గేటు వాల్వు పూర్తిగా దిగనప్పుడు బలముతో త్రిప్పరాదు. పలక దిగు గాడిలో గులకరాయి యుండును. దానిని పూర్తిగా తెరచి, నీటిని కొంతసేపు వేగముగా పోనిచ్చి మరల మూయుడు. ఇట్లు రెండు మూడు సారులు చేసినచో రాయి కొట్టుకొనిపోవచ్చును. బాల్ వాల్వులో పిడి తిరిగినను నీరు ఆగనిచో, లోని గుండు ఇసుకచే అరిగినదనియో, పిడి కడ్డీ విరిగినదనియో తెలియవలెను. అతికించి బిగించిన రకమును కోసి మార్చుటయే మార్గము.

మరల రాకుండుటకు

ఇసుక వచ్చు బోరునకు ఇసుకను విడదీయు హైడ్రోసైక్లోను, చెరువు కాలువ నీటికి నాచును పట్టు ఇసుక ఫిల్టరు, అన్నిటికిని జల్లెడ ఫిల్టరు అవసరము. జల్లెడకు చిల్లు పడినదేమో కడిగినప్పుడెల్ల చూచుకొనుడు. గొట్టము అతికిన ప్రతిసారియు, చివరి మూతలు తీసి నీరు తేటపడువరకు పోనిచ్చిన పిమ్మటనే వాల్వులను వాడుడు. ఈ చిన్న జాగ్రత్త పెద్ద తగవులను తప్పించును.

చివరగా సంఘములకు ఒక మనవి. వేసవి నడుమ రబ్బరు పొర చిరిగినచో, దానికొరకు పట్టణమునకు పోయి వచ్చులోపల తోట వాడిపోవును. సభ్యుల తోటలలో ఏయే కంపెనీల వాల్వులు ఏయే కొలతలవి యున్నవో ఒక పట్టీ వ్రాసికొని, వానికి తగిన పొరలు, స్ప్రింగులు రెండేసి చొప్పున సంఘ కార్యాలయమున నిలువ యుంచవలెను. వాడుకొన్న సభ్యుడు వెల చెల్లించును. ఆ సొమ్ముతో మరల క్రొత్తది తెప్పింపవచ్చును. ప్రతి గ్రామమునను ఇద్దరు యువకులు ఈ పని నేర్చుకొన్నచో, వేసవి వచ్చులోపల ప్రతి వాల్వును ఒకసారి విప్పి కడిగి బిగించుట కష్టము కాదు.