మర్దనతో తగ్గేది నొప్పే, అలసట కాదు

అఖాడాల్లో కుస్తీ సాధన ముగిశాక పహిల్వాన్లు ఒకరికొకరు నూనె పట్టించి ఒళ్లు మర్దించుకోవడం పాత ఆనవాయితీ. ఇప్పుడు పెద్ద జట్ల వెంట మసాజ్ నిపుణులు కూడా ప్రయాణిస్తున్నారు. కండరాల్లో పేరుకున్న లాక్టిక్ ఆమ్లాన్ని మర్దన బయటికి పంపేస్తుందన్నది ఎక్కువగా వినిపించే వివరణ. అది నిజం కాదు.

శ్రమ చేసే కండరాల్లో తయారయ్యే లాక్టేట్ అసలు వ్యర్థమే కాదు. గుండె దాన్ని ఇంధనంగా వాడుకుంటుంది, కాలేయం తిరిగి గ్లూకోజ్‌గా మారుస్తుంది. వ్యాయామం ఆపిన గంట, గంటన్నరలో రక్తంలో దాని మోతాదు మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మెట్లు దిగుతుంటే తొడలు పట్టేసే నొప్పి మాత్రం 24 నుంచి 72 గంటల మధ్య ముదురుతుంది. అలవాటు లేని శ్రమ వల్ల కండరపు పోగులకు తగిలే సూక్ష్మమైన దెబ్బలు, వాటి వెంట మొదలయ్యే వాపు ప్రక్రియ దానికి కారణాలు.

మరి మర్దన చేసేదేమిటి? కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 11 మంది యువకుల చేత అలసిపోయేదాకా సైకిల్ తొక్కించి, ఒక కాలికి మాత్రమే 10 నిమిషాలు మర్దన చేయించారు. రెండు తొడల నుంచీ చిన్న కండరపు ముక్కలు తీసి పోల్చారు. 2012లో ఫలితాలు వెలువడ్డాయి. లాక్టేట్‌లో తేడా లేదు. మర్దన చేసిన కాలిలో మాత్రం వాపును పెంచే సంకేతాలు తగ్గాయి, కొత్త మైటోకాండ్రియా తయారీకి తోడ్పడే సంకేతాలు పెరిగాయి. ఎవరి కాలిని వారి రెండో కాలితోనే పోల్చడం తెలివైన పద్ధతి. అయినా 11 మంది అంటే చిన్న సంఖ్యే.

బ్రిటన్‌లోని షెఫీల్డ్ పరిశోధకులు 2020లో 29 అధ్యయనాలను కలిపి విశ్లేషించారు. వాటిలో పాల్గొన్నవారు 1,012 మంది. బలం, దూకే ఎత్తు, పరుగు వేగం, ఓర్పు మర్దనతో మెరుగుపడినట్లు ఆధారం దొరకలేదు. నొప్పి కొంత తగ్గింది, శరీరం వంగే గుణం కొద్దిగా పెరిగింది.

కోచ్‌లకు చిక్కు ఇక్కడే. నొప్పి తగ్గిందంటే కండరం కోలుకుందని కాదు. హాయిగా ఉందన్న మాట నమ్మి మర్నాడే పూర్తి బరువులు ఎత్తిస్తే, బలం తిరిగి రాని కండరం మీద భారం పడుతుంది. ఎంత ఎత్తు దూకగలుగుతున్నారో కొలిచి చూడటం అంతకన్నా నయం.

గాయమై కమిలిన చోట, కొత్తగా వాచిన చోట మర్దన చేయకూడదు. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. అక్కడ చేయి వేయకముందే డాక్టరుకు చూపించాలి.