గార తీయిస్తే పండ్లు ఊడతాయా?

తనకల్లు, కొక్కంటి క్రాస్ చుట్టుపక్కల పల్లెల్లో పంటి డాక్టరు దగ్గరికి పోవడమంటే నొప్పి ఓర్చుకోలేని రోజున కదిరికో మదనపల్లెకో బస్సెక్కడమే. అప్పటిదాకా లవంగంతోనో, మందుల అంగట్లో ఇచ్చిన బిళ్లతోనో నెట్టుకొస్తారు. అట్లా పోయినవాళ్లలో కొందరికి డాక్టరు పన్ను పీకడు. ‘చిగుళ్ల లోపల గార పేరుకుంది, డీప్ క్లీనింగ్ చేయాలి’ అంటాడు. మత్తు సూది వేసి, చాలాసార్లు ఒకరోజు కుడిపక్క, ఇంకోరోజు ఎడమపక్క శుభ్రం చేసి పంపిస్తారు. గందరగోళమంతా ఇంటికొచ్చాకే. పండ్లు జివ్వుమంటాయి, సందులు కనబడతాయి, ఉమ్మితే ఎర్రజీర వస్తుంది. చూడ్డానికొచ్చిన వాళ్లు తలా ఒక మాట అంటారు. మానుతున్న నోరు చెడిపోయిన నోరులా కనబడటమే ఇక్కడి చిక్కు. కింద చెప్పుకునే అపోహల్లో సగం అక్కడే పుట్టాయి.

అపోహ: “గార తీస్తే పండ్లు కదులుతాయి, సందులు పడతాయి.”

వాస్తవం: కదిలేది నిజమే, సందులు కనబడేదీ నిజమే. కారణం దగ్గరే పొరపాటు. ఆరోగ్యమైన చిగురుకూ పంటికీ మధ్య సందు 1 నుంచి 3 మిల్లీమీటర్ల లోతే ఉంటుంది. పాచి గట్టిపడి గారగా మారి లోపలికి దిగేకొద్దీ అది 5, 6 మిల్లీమీటర్ల గుంత అవుతుంది. పంటిని పట్టుకున్న ఎముక కరుగుతూ పోతుంది. అప్పటికే పట్టు తప్పిన పండ్లను గార ఒకదానికొకటి సిమెంటు పూసినట్టు అతికించి ఉంచుతుంది. దాన్ని తీయగానే ఆ దొంగ ఆసరా పోతుంది. ఉబ్బిన చిగురు కూడా వాపు దిగి తన చోటికి పోతుంది, ఇన్నాళ్లూ అది కప్పిపెట్టిన సందు బయటపడుతుంది. ఆ సందు మొన్న కుర్చీలో కూర్చున్నప్పుడు పడింది కాదు. ఎముక పోయిన ఏళ్లలో పడింది. చిగురు మళ్లీ పంటిని కరుచుకునేకొద్దీ చాలామందికి కొన్ని వారాల్లో కదలిక తగ్గుతుంది. పోయిన ఎముక మాత్రం క్లీనింగ్‌తో మునుపటిలా తిరిగి రాదు.

మరి గార తీయించుకోని వాళ్ల పండ్లు గట్టిగా ఉంటాయా? దీనికి జవాబు మన పక్కనే, శ్రీలంకలో దొరికింది. నార్వేకు చెందిన దంత శాస్త్రవేత్త హెరాల్డ్ లో, ఆయన సహచరులు 1970లో అక్కడి తేయాకు తోటల్లో 480 మంది మగ కూలీల నోళ్లు పరీక్షించడం మొదలుపెట్టి, 1985 దాకా మళ్లీ మళ్లీ పోయి చూశారు. ఆ కూలీలకు బ్రష్ అలవాటు లేదు, పంటి వైద్యం అందలేదు. 100కి 8 మందిలో చిగుళ్ల జబ్బు వేగంగా, 81 మందిలో ఒక మోస్తరుగా ముదిరింది. 11 మందికి మాత్రం చిగుళ్ల వాపు దగ్గరే ఆగింది. వేగంగా ముదిరినవాళ్లకు 45 ఏళ్లు వచ్చేసరికి దాదాపు పండ్లన్నీ పోయాయి. వాళ్లలో ఎవరికీ ఎవరూ గార తీయలేదు.

‘మా తాత ఏ డాక్టరు గడపా తొక్కలేదు, ఎనభై ఏళ్లకూ శెనక్కాయలు కటకటా కొరికేటోడు’ అని చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. అబద్ధమనను. ఆ తాత ఆ 11 మంది బాపతు. మనం ఏ లెక్కలో పడతామో ముందుగా చెప్పడం కష్టం.

అపోహ: “రక్తం వస్తోంది కదా, నాలుగు రోజులు బ్రష్ ముట్టుకోవద్దు.”

వాస్తవం: ఎక్కువ చెరుపు చేసే మాట ఇదే. మొదటి ఒకటి రెండు రోజులు ఉమ్మిలో ఎర్రజీర కనబడటం మామూలే. బ్రష్ ఆపేస్తే పాచి కడుతుంది, పాచి కడితే చిగురు వాస్తుంది, వాస్తే రక్తం ఇంకా ఎక్కువ వస్తుంది. ఇందాక చెప్పిన హెరాల్డ్ లో 1965లో తేల్చింది సరిగ్గా ఇదే. చిగుళ్లు బాగున్న 12 మంది చేత పళ్లు తోమడం మాన్పించాడు. 10 నుంచి 21 రోజుల్లో అందరి చిగుళ్లూ వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక దాదాపు వారం రోజుల్లో మామూలుకొచ్చాయి.

కాబట్టి క్లీనింగ్ చేసిన రోజు రాత్రి నుంచే, డాక్టరు వద్దంటే తప్ప, మెత్తటి కుచ్చుల బ్రష్‌తో తోమాలి. కుచ్చులు సగం పంటి మీద, సగం చిగురు అంచు మీద ఆనేలా కొంచెం వాల్చి పట్టుకోవాలి. రంపం కోసినట్టు లాగకుండా, ఉన్నచోటే సన్నగా కదిలించి, తర్వాత పక్క రెండు పండ్లకు జరగాలి. మొత్తం 2 నిమిషాలు పడుతుంది. అందరూ మరిచే చోటొకటుంది: కింది ముందుపండ్ల లోపలి వైపు, నాలుక తగిలే చోటు. లాలాజలం ఊరే గ్రంథుల దారులు నాలుక కింద అక్కడే తెరుచుకుంటాయి, అందుకే గార మొదట పట్టేదీ అక్కడే. నాలుక కొనతో తడిమితే గరుకుగా తగులుతుంది. బ్రష్‌ను నిలువుగా పెట్టి, దాని కొసతో ఆ చోటు తోమాలి. సందులు పెద్దగా ఉన్నవాళ్లకు పళ్ల సందుల్లో దూర్చే చిన్న బ్రష్‌లు మందుల అంగళ్లలో దొరుకుతాయి. ఏ సైజు పనికొస్తుందో డాక్టరునే అడగాలి. అగ్గిపుల్ల, గుండుసూది, చీపురుపుల్ల దీనికి బదులు కావు. మానుతున్న చిగురుకు అవి పొడుచుకుంటే కొత్త పుండే.

పొద్దున తోమితే చాలదా అంటారు. రాత్రి పూట లాలాజలం తక్కువ ఊరుతుంది, పాచికి అడ్డు ఉండదు. ఒక్కపూటే తోమే ఓపిక ఉంటే ఆ పూట రాత్రిదే కావాలి.

అపోహ: “ఉప్పూ పసుపూ కలిపి గట్టిగా రుద్దితే పుండు మానుతుంది.”

‘ఉప్పేసి రుద్దు నాయనా, రెండు దినాల్లో మానిపోతాది’ అని అవ్వ చెబుతుంది. అవ్వ మాటలో ఉప్పు మంచిదే, రుద్దడమే కూడదు. పొడి ఉప్పు గరుకుతనానికి మెత్తబడిన చిగురు గీసుకుపోతుంది. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి, రోజుకు రెండు మూడు సార్లు, నాలుగైదు రోజులు మెల్లగా పుక్కిలిస్తే చాలు, హాయిగా ఉంటుంది. అయితే ఉప్పునీళ్లు పాచిని వదిలించవు, ఆ పని బ్రష్‌దే. లవంగ నూనె నేరుగా పూయడం, నొప్పి బిళ్లను చిగురు మీద అదిమిపెట్టడం మాత్రం వద్దే వద్దు. రెండూ కండను కాలుస్తాయి, తెల్లటి పొర లేచి ఊడుతుంది. బూడిద, బొగ్గు, ఇటుకపొడి, గరుకు పళ్లపొళ్ల సంగతీ అంతే. గార పోయాక బయటపడిన పంటి వేరు పైనున్న ఎనామిల్ కన్నా చాలా మెత్తన, తొందరగా అరిగిపోతుంది.

వేపపుల్ల, కానుగపుల్ల గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. నమిలి మెత్తగా కుచ్చు చేసి తోముకున్న తరాలు మన కళ్లముందే ఉన్నాయి. కానీ పుల్ల పంటి వెనక్కి, సందుల్లోకి పోదు, దాని పీచు పచ్చి చిగురులో గుచ్చుకుంటుంది. ఒకటి రెండు వారాలు పక్కన పెడితే పుల్లకేమీ నష్టం లేదు.

అపోహ: “డబ్బు పెట్టి క్లీనింగ్ చేయించినా పసుపు మచ్చలు పోలేదు, డాక్టరు సరిగా చేయలేదు.”

ఈ ఫిర్యాదు మన వైపు ఎక్కువ. ఉమ్మడి అనంతపురం జిల్లాలో బోరునీళ్ల ఫ్లోరైడ్ సంగతి కొత్తది కాదు. 1990లలో సత్యసాయి తాగునీటి పథకం వందల పల్లెలకు నీళ్లివ్వడానికి నీటి కరువుతోపాటు ఇదీ ఒక కారణం. తాగేనీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఉండొచ్చని, వేరే గతి లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. అంతకు మించిన నీళ్లు తాగుతూ పెరిగిన పిల్లలకు పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడే మచ్చ పడుతుంది. ఆ పసుపు, గోధుమరంగు చారలు ఎనామిల్ లోపలివి. క్లీనింగ్ పరికరం తీసేది పైన అంటిన గారను, మరకను మాత్రమే. లోపలి మచ్చకు వైద్యం వేరే ఉంది, అది చిగుళ్లు పూర్తిగా కుదుటపడ్డాకే.

దీని తోక పట్టుకుని ఇంకో అపోహ తిరుగుతుంటుంది: ‘నీళ్లల్లోనే ఫ్లోరైడుంది, మళ్లా ఆ పేస్టు ఎందుకు?’ నీళ్లను మింగుతాం, పేస్టును ఉమ్ముతాం. పెద్దవాళ్లకు, ముఖ్యంగా వేళ్లు బయటపడ్డ పండ్లకు, పుచ్చకుండా ఫ్లోరైడ్ పేస్టు కావాలి. మింగేసే చిన్నపిల్లల విషయంలోనే జాగ్రత్త: మూడేళ్లు దాటినవాళ్లకు బఠాణీ గింజంత, అంతకన్నా చిన్నవాళ్లకు బియ్యపుగింజంత, అదీ పక్కన పెద్దవాళ్లు నిలబడి.

క్లీనింగ్ తర్వాత పండ్లు జివ్వుమనడం కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు ఉంటుంది. దానికి వాడే పేస్టు రాసిన పూటే పనిచేయదు, రెండు వారాలైనా ఓపిక పట్టాలి.

అపోహ: “నోరు పుక్కిలించే మందు రాసిచ్చారు, ఇక ఎన్నాళ్లయినా వాడొచ్చు.”

క్లోర్‌హెక్సిడిన్ సాధారణంగా రెండు వారాల మందు. పేస్టుతో తోమిన వెంటనే వాడితే పేస్టులోని నురగ పదార్థం దాన్ని చెడగొడుతుంది, అరగంట ఆగాలి. ఎక్కువ రోజులు వాడితే పండ్లకు గోధుమరంగు మరక పడుతుంది, టీ తాగేవాళ్లకు ఇంకా ముదురుగా. రుచి కూడా మారుతుంది. యాంటీబయాటిక్ బిళ్లలైతే డాక్టరు రాస్తే తప్ప మన చేతులతో కొనకూడదు, చాలామందికి వాటి అవసరమే రాదు.

తిండి విషయంలో పథ్యాల జాబితా పెద్దగా లేదు. మత్తు దిగేదాకా రెండు మూడు గంటలు నమలకుండా ఉండాలి. తిమ్మిరెక్కిన పెదవిని కొరుక్కున్నా తెలియదు, కాలేంత వేడీ తెలియదు. తర్వాత రెండు రోజులు రాగిజావ, పెరుగన్నం, చల్లారిన మెత్తటి సంగటి. ఊరిమిండి ఘాటు కొన్నాళ్లు ఆగాలి. వేరుశనగ పండే సీమలో చెప్పక తప్పనిది ఇంకొకటి: వేయించిన పప్పుల మీది ఎర్రపొట్టు. కాగితం కన్నా పలచన. తెరుచుకున్న చిగురు అంచులోకి దూరి అక్కడే అంటుకుంటుంది, నీళ్లతో రాదు, రెండోరోజుకు ఆ చోట వాపు. బొరుగుల (మరమరాల) పొట్టుదీ ఇదే పని. వారం రోజులు వీటికి దూరంగా ఉంటే మేలు.

అపోహ: “ఆకువక్క వేసేవాళ్ల చిగుళ్లు గట్టివి, చూడు, రక్తమే రాదు.”

ఆకువక్కతో కలిపి వేసుకునే పొగాకు రక్తనాళాలను బిగుసుకునేలా చేస్తుంది. జబ్బున్నా రక్తం అంతగా కారదు, అంతే తేడా. బీడీ, కడ్డిపుడి, గుట్కా ఏదైనా ఇదే తంతు. జబ్బు చప్పుడు లేకుండా ముదురుతుంది, క్లీనింగ్ తర్వాత చిగురు మానడం కూడా ఆలస్యమవుతుంది. మానేయడానికి ఇంతకన్నా మంచి సందు దొరకదు, ఎలాగూ నోరు నొప్పిగా ఉంది.

షుగరున్నవాళ్లకు ఇంకో మాట. అదుపులో లేని షుగరు చిగుళ్లను చెడగొడుతుందని అందరికీ తెలుసు, అటునుంచి ఇటు కూడా దారి ఉంది. చిగుళ్ల వైద్యం చేయించుకున్నాక మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ (సగటు షుగరు చూపే పరీక్ష) దాదాపు 0.4 శాతం తగ్గుతున్నట్టు పరిశోధనల సమీక్షలు చూపాయి. షుగరు మందు మానేసేంత కాదు, తీసిపారేసేంత తక్కువా కాదు. రక్తం పలచబడే బిళ్లలు వాడేవాళ్లు క్లీనింగ్ కోసమని వాటిని సొంతంగా ఆపకూడదు, ముందే డాక్టరుకు చెప్పాలి.

శుభ్రమైన గుడ్డను నొక్కి పట్టుకున్నా అరగంటకు రక్తం ఆగకపోయినా, జ్వరం వచ్చినా, ముఖం వాచినా, చీము కనబడినా, మూడోరోజు నుంచి నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా ఇంట్లో కూర్చోకూడదు. ఖర్చుకు వెనకాడేవాళ్లకు కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది.

అన్నీ బాగున్నా నాలుగు నుంచి ఆరు వారాల్లో మళ్లీ చూపించుకోవాలి, మనవాళ్లు ఎగ్గొట్టేది దీన్నే. ఆ రోజు డాక్టరు సన్నటి కొలత పుల్లతో ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల గుంత లోతు కొలుస్తాడు. మొదటిసారి రాసిన కాగితం వెంట తీసుకుపోయి, 6 ఉన్నచోట ఇప్పుడెంత ఉందో అడగండి. 4కు దిగి, రక్తం రాకపోతే చిగురు పట్టుకున్నట్టే. దిగకపోతే అక్కడ ఇంకా గార మిగిలుందో, చిన్న ఆపరేషన్ కావాలో తేల్చేదీ ఆరోజే. ఆ తర్వాత మొదట్లో మూడు నాలుగు నెలలకొకసారి పిలుస్తారు. లోపలి గుంతల్లో పాచి క్రిములు మళ్లీ గుంపు కట్టడానికి ఇంచుమించు అంతే కాలం పడుతుంది.