ప్రయాణములో ఆపద: వికలాంగులు బయటపడు దారి

సి.బెళగల్ నుండి బెంగళూరునకు పోదలచినవారు ముందుగా కర్నూలు చేరి, అచ్చట రాత్రి బస్సు ఎక్కుదురు. ఆదోని, కోసిగి ప్రాంతములవారికి రైలుబండియు కలదు. వానలు మోసగించిన ఏట ఈ పడమటి కర్నూలు పల్లెలనుండి కుటుంబములకు కుటుంబములే సుగ్గికని మూటాముల్లె కట్టుకొని, గుంటూరు మిరపచేలకో, బెంగళూరు కట్టడపు పనులకో తరలిపోవుట మనమెరిగినదే. ఇంటిలో చూపులేని అవ్వయో, పోలియో వచ్చి కాలు చచ్చుబడిన తమ్ముడో, వినికిడి లేని బిడ్డయో ఉన్నచో వారును వెంట రాకతప్పదు. వెనుక విడిచిపోయినచో చూచువారెవరు? కావున వికలాంగుల ప్రయాణమనగా ఎవరో కొందరి వినోదయాత్రగా తలచరాదు. అది మన పల్లెల బ్రతుకుతెరువులో భాగము.

2025 అక్టోబరు 24వ తేదీ తెల్లవారుజామున, సుమారు మూడు గంటల వేళ, హైదరాబాదునుండి బెంగళూరునకు పోవుచున్న పడకల బస్సొకటి కర్నూలు దాటిన కొద్దిసేపటికే చిన్నటేకూరు వద్ద కాలిపోయెను. అంతకుముందే ప్రమాదమునకు గురియై రోడ్డుమీద పడియున్న మోటారు సైకిలును ఆ బస్సు ఈడ్చుకొనిపోగా నిప్పంటుకొనినది. బస్సులోని 19 మంది ప్రయాణికులును, ఆ మోటారు సైకిలు నడిపిన యువకుడును మరణించిరి. దీనికి పండ్రెండేండ్లకు ముందు, 2013 అక్టోబరు 30న, ఇదే జాతీయ రహదారిమీద, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని పాలెం వద్ద, బెంగళూరునుండి హైదరాబాదు వచ్చుచున్న బస్సు కల్వర్టు గోడను కొట్టుకొని దగ్ధమై 45 మంది చనిపోయిరి. అదే సంవత్సరము డిసెంబరు 28న అనంతపురం జిల్లా కొత్తచెరువు వద్ద బెంగళూరు–నాందేడ్ ఎక్స్‌ప్రెస్‌లో ఒక ఏ.సి. పెట్టె కాలి 26 మంది మృతిచెందిరి.

ఇట్టి ఆపదలలో బ్రతికి బయటపడువా రెవరు? నిద్రనుండి తటాలున లేవగలిగినవారు, పై పడకనుండి దూకగలిగినవారు, అద్దము పగులగొట్టగలిగినవారు, ఆ రంధ్రముగుండ రోడ్డుమీదికి ఉరుకగలిగినవారు. అనగా కన్ను, చెవి, కాలు, చేయి అన్నియు సరిగా ఉన్నవారు. అట్టివారిలోనే ఇందరు మిగులకపోయిరి. ఇక తక్కినవారి మాట చెప్పవలసినదేమున్నది!

మంటకంటె పొగ ముందు వచ్చును. సీట్లలోని నురుగు మెత్తలు, కృత్రిమ దారముల తెరలు కాలినప్పుడు పుట్టు పొగ విషపూరితము. అది మొదట కప్పును అంటి, అచ్చటినుండి క్రిందికి దిగును. కావున పై పడకలోనివానికి ముందుగా ఊపిరి ఆడదు. నేలకు దగ్గరగా ఉన్న గాలి కొంతసేపు శుభ్రముగా ఉండును. నడువలేనివాడు నేలమీద ప్రాకుట సిగ్గుపడవలసిన పని కాదు. ఆ క్షణమున నడువగలవాడును ప్రాకవలసినదే. నడకకు ఇబ్బందిగలవారికి ఎన్నడును పై పడక ఇయ్యరాదు, తీసికొనరాదు. టిక్కెట్టు కొనునప్పుడే ఈ మాట పట్టుబట్టి చెప్పవలెను. తలుపుదగ్గరి సీటు మంచిదే కాని, దారికి అడ్డముగా కూర్చుండబెట్టుట తగదు. విమానములలో అత్యవసర ద్వారమునకు సరిగా ప్రక్కనున్న సీటును కదలలేనివారికి ఇయ్యరు. అది వారిపై చిన్నచూపు కాదు. వారితోపాటు వెనుకవారును నిలిచిపోకుండుటకే. ద్వారమునకు ఒకటి రెండు వరుసల దూరము ఉత్తమము.

విమానమునుండి మరియొక మంచి పద్ధతి నేర్వవలసియున్నది. సాయము కావలసిన ప్రయాణికునివద్దకు సిబ్బంది విమానము కదలకముందే విడిగా వచ్చి, ఏ ద్వారమున దిగవలెనో, ఎవరు తోడుపడుదురో చెప్పి, 'మిమ్ము ఏ విధముగా ఎత్తినచో నొప్పి కలుగదు?' అని అతనినే అడుగుదురు. దీనికి పట్టునది ఒక నిమిషము. యంత్రమక్కరలేదు, నిధులక్కరలేదు. మన బస్సు కండక్టరు టిక్కెట్టు చించి ఇచ్చునప్పుడు ఆ ఒక్క నిమిషము వెచ్చింపలేడా? వెనుకనున్న అత్యవసర ద్వారమును, అద్దము పగులగొట్టు సుత్తిని చూపి, ప్రక్క సీటులోని గట్టివానితో 'అవసరమైనచో ఈయనను నీవు చూచుకొనవలెను నాయనా' అని ఒక మాట అనిన చాలును. ఆ మాట చెప్పించుకొనినవాడు అంత సులభముగా విడిచి పరుగెత్తడు.

చట్టమేమి చెప్పుచున్నది? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్‌లో అమలునకు వచ్చినది. దాని 41వ సెక్షను బస్సు నిలయములు, రైల్వే స్టేషనులు, వాహనములు వికలాంగులకు అనువుగా ఉండవలెనని శాసించుచున్నది. కేంద్ర మోటారు వాహన నియమములకు 2019 డిసెంబరులో చేసిన సవరణ ప్రకారము 2020 మార్చి 1 నుండి బస్సులలో వారికి ప్రత్యేకించిన సీట్లు, పట్టుకొను కడ్డీలు, ఊతకర్రలు భద్రపరచు చోటు, చక్రాల కుర్చీని ఎక్కించి నిలుపు ఏర్పాటు ఉండవలెను. ఇవి మంచి నియమములే. కాని గమనింపుడు: ఇవన్నియు బస్సు ఎక్కుటకు, కూర్చుండుటకు సంబంధించినవి. తొందరలో దిగుటను గూర్చిన ఆలోచన వీనిలో నాకు తక్కువగా కనబడుచున్నది. మన జిల్లా బస్సు నిలయములలో చూచిన దృశ్యమొకటి నన్ను ఇప్పటికిని బాధించును. చక్రాల కుర్చీలో వచ్చిన మనిషిని ఇద్దరు ఎత్తి సీటులో కూర్చుండబెట్టుదురు. కుర్చీని మడచి బస్సు క్రింది సామానుల అరలోనికి త్రోయుదురు. ఎక్కించిన ఆ ఇద్దరు క్రిందనే నిలిచిపోవుదురు. బస్సు కదలును. అతని కాళ్ళు సామానుల అరలో ఉన్నవి, తెలిసినవారు వెనుక ఉన్నారు.

ఊతకర్రలును, కాలిపర్లును ఇంతే. రాత్రి ప్రయాణమున కాలిపరుగాని జైపూరు పాదముగాని విప్పి పండుకొనుట సహజము. విప్పినదానిని తలపై అరలోనో, ఎదుటి సీటు క్రిందనో ఉంచరాదు. చేయి చాపినచో తగులునట్లు, ఒడ్డున, ఎల్లప్పుడు ఒకే ప్రక్కన ఉంచుకొనవలెను. ఐనను మంట లేచినప్పుడు దానిని తొడుగుకొను వ్యవధి ఉండదని ముందే మనస్సున నిశ్చయించుకొనుట మేలు.

ఎత్తు విధము తెలియక పదిమంది మూగి మనిషిని లాగుట మనవద్ద తరచు జరుగుచుండును. బస్సు నడుమ దారి ఇరుకు; ఇద్దరు ప్రక్కప్రక్కన నడచి మోయలేరు. ఒకరు వెనుకనుండి చంకలక్రిందుగా చేతులు దూర్చి రొమ్మును చుట్టి పట్టుకొనవలెను. మరియొకరు ముందు నిలిచి మోకాళ్ళ క్రింద పట్టవలెను. ముందరివాడు తలుపువైపు నడుచుచుండగా వెనుకవాడు అనుసరించును. ఒక్కడే ఉన్నచో కప్పుకొన్న దుప్పటినే మనిషిక్రింద పరచి, తలవైపు అంచులు చుట్టి పట్టుకొని నేలమీద లాగవచ్చును. ఆ దుప్పటి ప్రతి పడకయందును ఉండును! కిటికీ గుండ దింపవలసినచో కాళ్ళు ముందు, తల వెనుక. క్రింద ఒకరు నిలిచి అందుకొనవలెను. చక్రాల కుర్చీకై వెనుదిరుగరాదు. ముందు మనిషి, ఆ తరువాత వీలైనచో కుర్చీ.

చూపులేనివారిని చేయిపట్టి ఈడ్చుట తప్పు. మీ మోచేతినో భుజమునో వారికి అందించి, 'మెట్టు ఉన్నది, మూడు మెట్లు' అని చెప్పుచు ముందు నడువవలెను. వారు ఎక్కునప్పుడే తలుపునుండి తమ సీటువరకు సీట్ల వీపులను తాకుచు లెక్కించుకొన్నచో మరింత మేలు. దట్టమైన పొగలో అందరును చూపులేనివారే. ఆ గడియలో సీట్లు లెక్కపెట్టుకొనినవాడే దారి చూపగలవాడు. అవ్వ వెనుక మనుమడు నడువవలసివచ్చును.

వినికిడి లేనివారి చిక్కు వేరు. వారికి కాళ్ళున్నవి, చూపున్నది. వార్త మాత్రము అందదు. కొరియాదేశమున దేగు నగరములో 2003 ఫిబ్రవరి 18న భూగర్భ రైలులో ఒకడు నిప్పు పెట్టగా 192 మంది మరణించిరి. ఎదురుగా వచ్చి ఆగిన రెండవ బండిలోనివారే వారిలో ఎక్కువమంది. ఉన్నచోటనే ఉండుడని చెప్పిన చోదకుడు తుదకు తాళము తీసికొని పోగా తలుపులు మూసికొనిపోయినవి. చెవులున్నవారికి తప్పు మాట వినవచ్చినది. చెవులు లేనివారికి ఏ మాటయు లేదు. కావున హెచ్చరిక ధ్వనిగాను, వెలుగుగాను రెండు విధముల ఉండవలెను. తోటి ప్రయాణికులు చేయదగినది సులభము: భుజము తట్టి, ముఖమునకెదురుగా నిలిచి, తలుపువైపు చేయి చూపవలెను. చీకటిలో ఫోను దీపమును తలుపుమీద వేయవలెను. ఫోనులో మాటాడలేనివారు '112 ఇండియా' అను యాప్‌ను ముందుగా పెట్టుకొన్నచో మీట నొక్కి పోలీసు, అగ్నిమాపక, వైద్య సాయములను పిలువవచ్చును. రేడియోలో ఈ ప్రసంగము వారికి చేరదు, అచ్చులో చేరును. ఇంటిలో అట్టివారున్నచో ఈ పుట వారి చేతికీయుడు.

రైలుబండి విషయము కొంత మెరుగు. గొలుసు లాగి బండిని ఆపవచ్చును. కొన్ని కిటికీలను అత్యవసరమున తెరచుటకు వీలున్నది. వికలాంగులకు ప్రత్యేకించిన పెట్టెకు వెడల్పైన తలుపున్నది. కాని ఆ పెట్టె సాధారణముగా బండి కొసన ఉండును. చిన్న స్టేషనులలో కొస పెట్టె ప్లాట్‌ఫారము దాటి ఆగుట కద్దు. నడుమదారిలో ఆగినచో పెట్టె తలుపునుండి పట్టాలవరకు సుమారు నాలుగడుగుల లోతు. ఒంటరిగా దిగుట అసాధ్యము. 139 నంబరునకు ఫోను చేసి పెట్టె సంఖ్య, సీటు సంఖ్య చెప్పుట తెలిసియుండవలెను.

బుద్ధిమాంద్యముగల బిడ్డలు కేకలకు బెదరి సీటుక్రింద దాగుదురు. వారిని పదిమంది పిలువరాదు. ఎరిగిన గొంతొకటి పేరుపెట్టి పిలువవలెను.

మరల చట్టమునకు వత్తము. అదే చట్టము 8వ సెక్షను ప్రకారము ప్రతి జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ తన జిల్లాలోని వికలాంగుల వివరములు వ్రాసి ఉంచి, అపాయముల సంగతి వారికి తెలియజేయవలెను. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలును ముంచినప్పుడు ఇట్టి జాబితా ఉన్నచో ఎంత ఉపకారము కలిగెడిదో ఆ వరద చూచినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. నేడు ప్రతి నెల మొదట పింఛను ఇచ్చుటకు సచివాలయమువారు వికలాంగుల ఇండ్లకే వచ్చుచున్నారు. ఏ ఇంటిలో ఎవరున్నారో వారికి తెలియును. ఆ కాగితముననే మరి రెండు గళ్ళు గీచి, 'ఈమెను ఎత్తవలెను', 'ఇతనికి సైగ చేయవలెను' అని వ్రాసికొన్నచో జాబితాకు పునాది పడినట్లే. పింఛనుకు అర్హత లేనివారు, అనగా వైకల్యము 40 శాతమునకు తక్కువగా ఉన్నవారు, అందులో చేరరు; వారిని వేరుగా అడిగి వ్రాయవలెను. సుగ్గికి పోయినవారి పేరులెదుట ఏ ఊరికి, ఏ బండిలో పోయిరో గూడ గుర్తింపవలెను. తాళము వేసిన ఇంటి తలుపు తట్టి ఎవరును లేరని వ్రాసికొనిపోవుట తేలిక. ఆ ఇంటి అవ్వ ఆ రాత్రి ఏ బస్సులో, ఏ వరుసలో కూర్చున్నదో కనుగొనుటయే కష్టము.