పిల్లలతో పాటు ఎత్తు పెరిగే స్టడీ టేబుల్

దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ వైపు కిరాయి ఇళ్లలో ఉండేవాళ్లకు స్టడీ టేబుల్‌తో రెండు తిప్పలు. ఆరో తరగతిలో కొన్నది ఇంటర్‌కొచ్చేసరికి పొట్టిదైపోతుంది. ఇల్లు మారితే గుమ్మంలో పట్టదు. ఎత్తు మార్చుకునే, విప్పదీసుకునే చెక్క టేబుల్‌తో రెండూ తీరతాయి.

దీని ముక్కలను సీఎన్‌సీ రూటర్ కోస్తుంది. కంప్యూటర్‌లో గీసిన డిజైన్ ప్రకారం, గిర్రున తిరిగే బిట్ ప్లైవుడ్‌ను కోసుకుంటూ పోతుంది. ఖురాన్ షరీఫ్ పెట్టుకునే రెహల్ రెక్కలు మేకు లేకుండా ఇమిడినట్టే, ఈ పలకలు కూడా గాడుల్లో ఇముడుతాయి.

ఒక్కో కాలు రెండు పలకలు. కిందిది నేల మీద నిలుస్తుంది, పైది బల్లను మోస్తుంది. రెండింటికీ 3 సెంటీమీటర్లకో రంధ్రం. పై పలకను జరిపి, కాలికి రెండు బోల్టులు బిగిస్తే ఎత్తు మారినట్టే.

డబ్బు దండగయ్యేది కొలతల దగ్గరే. 18 ఎంఎం అని అమ్మే ప్లై మందం కాస్త అటూ ఇటూ ఉంటుంది. కాలిపర్‌తో కొలిచాకే గాడి వెడల్పు ఖరారు చేయాలి. బిట్ గుండ్రంగా ఉంటుంది కాబట్టి లోపలి మూలలు గుండ్రంగా మిగులుతాయి. అక్కడ చిన్న గుంట అదనంగా కోయించాలి, లేకపోతే పలక పూర్తిగా దిగదు.

సొంతంగా నమూనా చేసుకోవాలనుకునేవాళ్లకు రాయదుర్గంలో ప్రభుత్వ టీ-వర్క్స్ ఉంది. 2023 మార్చిలో ప్రారంభమైంది. ఎల్‌బీ నగర్ నుంచి మెట్రోలో వెళ్లి అమీర్‌పేటలో మారాలి.

పిల్లల పాదాలు నేలకు ఆనాలి, బల్ల మోచేతి ఎత్తులో ఉండాలి. ఏటా జూన్‌లో బడి తెరిచేటప్పుడు ఒకసారి చూసి, అవసరమైతే బోల్టులు ఒక రంధ్రం పైకి మార్చితే చాలు.