సీతమ్మ కథకి ఎన్ని మార్కులు?

తెలుగు పేపర్లో వ్యాసం అంటే మా కాలంలో ఓ పది అంశాలు తిరుగుతూ ఉండేవి. మద్యపాన నిషేధం, స్త్రీ విద్య, పర్యావరణ పరిరక్షణ, సైన్సు వరమా శాపమా, నాకు నచ్చిన నాయకుడు... పరీక్షకి ఓ ఐదు చదువుకుని వెళ్తే ఒకటి తగిలేది. గైడులో ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు అని మూడు ముక్కలు కోసి పెట్టి ఉండేవి. వాటిని బట్టీ కొట్టడమే మన పని. ఇప్పుడు పిల్లలకి గైడు కూడా అక్కర్లేదు. ఫోన్లో ఏఐని అడిగితే టీ చల్లారేలోపు రెండు పేజీలు రాసిచ్చేస్తుంది. నేను చేసే ఉద్యోగం ఇలాంటి సాఫ్ట్‌వేర్ల మధ్యే కాబట్టి దాన్ని తిట్టను. కానీ అది రాసిన వ్యాసాలూ, మా గైడు వ్యాసాలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటే పోలిక. ఏ ఒక్కదాంట్లోనూ ఊరి పేరుండదు.

మాది నెల్లూరు జిల్లా, సముద్రం ఒడ్డు మండలం ఇందుకూరుపేట వైపు. ఆ పది అంశాల్లో సగానికి అసలు కథలు మా జిల్లాలోనే జరిగాయని నేను ఇంజనీరింగ్ అయ్యాక గానీ చదవలేదు.

మద్యపాన నిషేధమే తీసుకోండి. "మద్యం వల్ల ఆరోగ్యం చెడును, ధనం నశించును" అని మేం రాసి మార్కులు తెచ్చుకున్నాం. మా జిల్లాలో అదే అంశం మీద పాఠం చదివిన ఆడవాళ్లు మాత్రం మార్కులతో ఆగలేదు. 1991 ప్రాంతంలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం పెద్ద ఎత్తున నడిచింది. పగలంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట లాంతరు దీపం కింద పలక పట్టుకున్నారు. వాళ్ల వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. తాగుడు ఒక ఇంటిని ఏం చేస్తుందో చెప్పే కథ. వాళ్లకి అది కొత్త సంగతేం కాదు, రోజూ ఇంట్లో చూసేదే. కొత్తగా జరిగిందేమిటంటే, అది అచ్చులో కనబడింది. పది మంది కలిసి కూర్చుని పైకి చదివారు. ప్రతి ఒక్కరూ తన ఇంట్లోనే అనుకున్నది పక్కింట్లోనూ ఉందని తేలింది.

అప్పట్లో సారా ప్యాకెట్లలో వచ్చేది. 1980లలో ప్రభుత్వమే వారుణి వాహిని అని పేరు పెట్టి ఊరూరికీ చేర్చింది. తాగునీటికి నడవాల్సిన ఊళ్లకి కూడా సారా గుమ్మం దాకా వచ్చింది. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు రోసమ్మ ముందుండగా సారా అంగడి మీదకి వెళ్లారు, అంగడి మూయించారు. దూబగుంట సముద్రానికి దూరం, మెట్ట ప్రాంతం. కానీ వార్త ఆగలేదు. ఆ ఊరి గెలుపే తర్వాతి పుస్తకంలో పాఠంగా ఎక్కి మిగతా ఊళ్లకి పోయింది. పాఠం చదివి ఉద్యమం, ఆ ఉద్యమమే మళ్లీ పాఠం. ఒక పేజీ ఇన్‌పుట్‌కి అంత అవుట్‌పుట్ వచ్చిన సందర్భం నా వృత్తిలో నేను చూడలేదు.

1992లో నెల్లూరులో సారా వేలంపాటలు పెడితే ఆడవాళ్లు అడ్డం తిరిగారు, పాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డిదీ ఇదే జిల్లా. 1993 ఏప్రిల్‌లో ముందు నెల్లూరు జిల్లా వరకు, అదే అక్టోబరులో రాష్ట్రమంతా సారాని నిషేధించారు. 1994 డిసెంబరులో ఎన్టీ రామారావు ప్రమాణ స్వీకారం చేస్తూనే సంపూర్ణ మద్య నిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరిలో అమల్లోకొచ్చింది. 1997లో ఎత్తేశారు. వారుణి వాహిని పెట్టింది కూడా ఎన్టీఆర్ ప్రభుత్వమేనన్నది ఇక్కడ మర్చిపోకూడదు.

గైడు ముగింపులో "కావున ప్రభుత్వం మద్యపానాన్ని నిషేధించవలెను" అని ఉండేది. నిషేధించారు, రెండేళ్లకి తీసేశారు. ఎందుకు తీసేశారు, ఖజానా ఏమంది, ఆ ఆడవాళ్లు ఏమన్నారు? అసలు వ్యాసం అక్కడ మొదలవ్వాలని నా అభిప్రాయం.

నాకు నచ్చిన నాయకుడు అంటే మా జిల్లాలో ఎక్కువ మంది రాసేది పొట్టి శ్రీరాములు గురించి. జిల్లాకే ఆయన పేరుంది. 1952 అక్టోబరు 19న మద్రాసులో దీక్ష మొదలు, 58వ రోజు డిసెంబరు 15న మరణం, ఆంధ్ర రాష్ట్రం. అంతా నిజమే. కానీ అంతకు ఆరేళ్ల ముందు, 1946లో, ఆయన నెల్లూరులోనే ఇంకో నిరాహార దీక్ష చేశారు. మూలపేట వేణుగోపాలస్వామి గుళ్లోకి హరిజనులని రానివ్వాలని. ఎండలో చెప్పుల్లేకుండా, గొడుగు లేకుండా, హరిజనోద్ధరణ నినాదాలు రాసిన అట్టలు వేసుకుని వీధులు తిరిగేవారు. ఊళ్లో కొంతమంది పిచ్చివాడనుకున్నారు. రాష్ట్రం కోసం చేసిన దీక్ష ఎదుట ఉన్నది ప్రభుత్వం. గుడి కోసం చేసిన దీక్ష ఎదుట ఉన్నది మన పక్కింటివాళ్లే, మన బంధువులే. పిల్లలతో మొదటిదే రాయించి రెండోది వదిలేయడం నాకు యాదృచ్ఛికంగా అనిపించదు.

సైన్సు వరమా శాపమా అన్నదానికి మా వైపు పిల్లలకి పుస్తకం అక్కర్లేదు, మిద్దె ఎక్కితే చాలు. శ్రీహరికోట నుంచి రాకెట్ లేస్తే నెల్లూరు దాకా కనిపిస్తుంది. 1980 జులై 18న ఎస్‌ఎల్‌వీ-3 రోహిణిని కక్ష్యలో పెట్టింది అక్కడినుంచే, 2023 జులై 14న చంద్రయాన్-3 లేచిందీ అక్కడినుంచే. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఆ దీవి తిరుపతి జిల్లాలోకి పోయింది. అది మావాళ్లకి ఇంకా మింగుడు పడలేదు, అది వేరే కథ. ఆ దీవి అడవిలో అంతకుముందు యానాదులు ఉండేవాళ్లు. కేంద్రం వచ్చాక చాలా కుటుంబాలు కదలాల్సి వచ్చింది. వరమా శాపమా అని అడిగేటప్పుడు ఎవరికి అని ఒక్క మాట చేర్చితే ప్రశ్నే మారిపోతుంది.

ఇక పర్యావరణ పరిరక్షణ. ఇది మా ఇంటి సంగతి కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. 1990లలో మా తీరమంతా టైగర్ రొయ్య పిచ్చి పట్టింది. మొలగొలుకులు పండిన పొలాలు తవ్వి గుంటలు చేశారు. 1994-95 ప్రాంతంలో తెల్లమచ్చ వ్యాధి వచ్చి చాలామంది మునిగారు. తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్.జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. తీర నియంత్రణ మండలిలో ఉన్న రొయ్యల గుంటలు తీసేయాలంది. చిలికా, పులికాట్ సరస్సులకి 1000 మీటర్ల లోపు ఉండకూడదంది. పులికాట్ అంటే మాదే. ఆ తీర్పు పూర్తిగా అమలయ్యేలోపే వాయిదాలొచ్చాయి, చివరికి 2005లో పార్లమెంటు తీర ప్రాంత ఆక్వాకల్చర్ చట్టం చేసి ఆ పెంపకానికి దారి ఇచ్చింది. తర్వాత వనామి వచ్చింది, గుంటలు మళ్లీ నిండాయి.

నా ఇంజనీరింగ్ ఫీజు ఆ వనామి డబ్బుతోనే కట్టారు. మా అక్క పెళ్లీ అంతే. పక్క చేను ఆయన ఇప్పటికీ వరి వేస్తాడు. గుంటల ఉప్పు నీరు ఊరి తన మడి చెడుతోందని ఆయన మా నాన్నతో రెండేళ్లు మాట్లాడలేదు. ఆయన మాటలో తప్పేమీ లేదు. మా వైపు రాత్రిళ్లు గుంటల దగ్గర టార్చీ పట్టుకుని కాపలా ఉండేది ఎక్కువగా యానాదులే. వాళ్లకి ఆ కూలీ తప్ప వేరే దారి దగ్గర్లో లేదు. గైడు వ్యాసంలో "మానవుడు" ప్రకృతిని నాశనం చేస్తాడు. మా ఊళ్లో ఆ మానవుడికి పేరుంది, అప్పుంది, కూతురి ఫీజు ఉంది.

మొన్న మా అక్క కూతురు, తొమ్మిదో తరగతి, వాట్సాప్‌లో ఫోటో పెట్టింది. స్కూల్లో వ్యాసరచన పోటీ, పర్యావరణం మీద. ఏఐ రాసిచ్చింది కొట్టేసి, దాని కింద తన చేతిరాతతో నాలుగు లైన్లు రాసుకుంది. "మా ఇంట్లో తాగే నీళ్లు క్యాన్‌లో వస్తాయి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. గుంటలు మావే."

ఫోన్ చేశాను. "బాగుందిమ్మా, ఇంకా రాయి" అన్నా.

"టీచరు ఏందిట్ట రాశావంటే ఏం చెప్పేది మామా? నాన్న చదివితే?"

"ముందు నాన్నకే చూపించు. ఆయన కూడా ఏదో చెప్తాడు కదా, అది కూడా రాయి."

"ఇప్పుడు కుదరదు మామా. పట్టుబడి అంట, తెల్లారుజామున పొయ్యాడు. కౌంటు బాగొస్తే సాయంత్రం అడుగుతా."